కిటికీ మూసిన చెయ్యి

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ తలుపు దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి రండి. ఇవాళ చెప్పేది అరిచి చెప్పే సంగతి కాదు. పోయిన వారం ఎక్కడ ఆపానో గుర్తుందా? లేకపోయినా సిగ్గుపడక్కర్లేదు. పొద్దున వేసుకున్న మాత్ర వేసుకున్నానో లేదో నాకే గుర్తుండదు. ఆ అచ్చాఫీసులో గోడకి ఎన్ని మేకులున్నాయో అడగండి, చెబుతాను.

మా అన్నయ్య అక్కడ పెద్ద మేస్త్రి. సీసపు అక్షరాలు ఏరి, వరసలు పేర్చి, పేజీ కట్టడంలో అతని తర్వాతే ఎవరైనా. నేను అదే గదిలో విప్పే పని చేసేదాన్ని. అచ్చయిపోయిన పేజీ దారం విప్పి, అందులోని అక్షరాలను ఒక్కొక్కటిగా తీసి వాటి గళ్ళలో తిరిగి వెయ్యాలి. మన లిపికి ఒక పెట్టె ఎక్కడ చాలుతుంది? ఒత్తులకు ఒక గోడ, గుడులకు ఒక గోడ. నాకు బడి లేదు. చదువంతా ఆ సీసంలోనే నేర్చుకున్నాను. అచ్చు అక్షరం తిరగేసి ఉంటుంది కదా, అద్దంలో బొమ్మలాగా. నాకు అలా ఉంటేనే గడగడా నోటికొస్తుంది. అదే కాగితం మీద తిన్నగా కనిపిస్తే కూడబలుక్కోవాలి. అందుకే అందరూ నన్ను అద్దం పిల్ల అనేవారు. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చినా పిల్లనే.

అప్పుడు మా దగ్గర, మనవాళ్ళ సంఘం ఒక పంతులు చేత రాయించిన ‘దారి వేసినవాళ్ళు’ అనే పుస్తకం అచ్చవుతోంది. మగ్గాల పని పట్టుకుని ఈ ఊరికొచ్చిన మనవాళ్ళను మనుషుల్లో నిలబెట్టిన పన్నెండుగురి జీవితాలు, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పదకొండుగురు మగవాళ్ళు. ఆడది ఒక్కతే. ఆమెది పదకొండో పేజీ. ఆమె ఎవరో కాదు, మా వదినే. మా అన్నయ్య భార్య.

పోయిన వారం చెప్పింది ఇదీ. అన్నయ్య పదకొండో పేజీని దారంతో కట్టి, రేకు పళ్ళెంలో పెట్టి నా బల్ల మీదికి తెచ్చాడు. “అచ్చయిపోయింది, విప్పెయ్” అన్నాడు. మూడు వరసలు విప్పాను. అంతలో అచ్చుమిషను తిప్పే దడదడ మామ అటు పోతూ, “పదకొండోది ఇంకా ఎక్కలేదు అమ్మాయ్, భోజనాలయ్యాక ఎక్కిస్తా” అన్నాడు. నా చేతిలోని అక్షరం చేతిలోనే ఉండిపోయింది. అక్కడే ఆపాను.

ఇక వినండి.

చెయ్యి తుడుచుకుని మిషను గదిలోకి వెళ్ళాను. మధ్యలో నున్నటి రాతి బల్ల ఉంటుంది. మిషను ఎక్కబోయే పేజీలన్నీ ఇనప చట్రంలో బిగించి దాని మీదే పెడతారు. అక్కడ ఇంకొక పదకొండో పేజీ ఉంది. పైన అంకె అదే, చుట్టూ గీత అదే. ఒక ఇంట్లో ఒకే పేరున్న పిల్లలిద్దరుంటారా? వంగి చదివాను.

మనవాళ్ళు కట్టుకున్న చదువుల గదిలోకి ఆడవాళ్ళను రానివ్వని రోజుల్లో, ఆ తలుపు తెరిపించిన ఘనత ఫలానా అచ్చు మేస్త్రిదని ఉంది. తన భార్యను మెట్ల మీద కూర్చోబెట్టి చదివించింది ఆయనేనట. లోపలి పెద్దలతో పందొమ్మిది రోజులు వాదించింది ఆయనేనట. వదిన పేరు లేదు. ‘భార్య’ అని ఒకచోట ఉంది, అంతే.

ఎవరు కట్టారో అడగక్కర్లేకపోయింది. ప్రతి వాక్యం చివర, చుక్కకు ముందు, వెంట్రుకంత సన్నటి సీసపు రేకు పెట్టి ఉంది. ఈ ఊళ్ళో అలా పెట్టే చెయ్యి ఒక్కటే. నాకు పని నేర్పేటప్పుడు చెప్పేవాడు, చుక్క ముందు మాట ఊపిరి పీల్చుకోవాలని. పేజీ అంతా హాయిగా ఊపిరి పీల్చుకుంటోంది. నాకే ఆడలేదు.

అన్నయ్య తన గళ్ళ ముందు నిలబడి ఏదో శుభలేఖ కడుతున్నాడు. టిక్కు టిక్కున అక్షరాలు పడుతున్నాయి.

“అన్నయ్యా, రాతి బల్ల మీద పదకొండో పేజీ ఎవరు కట్టారు?”

“ఎవరో కడతారు. నీ పని విప్పడం, కట్టిందెవరో కనుక్కోవడం కాదు.”

“చుక్కల ముందు రేకులున్నాయి.”

చెయ్యి ఆగలేదు. “నీకు కళ్ళెక్కువయ్యాయే.”

“నువ్విచ్చినవే.”

టిక్కు, టిక్కు.

“అందులో వదిన లేదు. నువ్వున్నావు” అన్నాను.

“నేనుంటే ఏంటి, అదుంటే ఏంటి? ఒకే ఇల్లు, ఒకే పొయ్యి.”

“ఇల్లు ఒకటే అయితే వదిన పేరే ఉంచొచ్చుగా.”

అతను ఒక అక్షరం తీశాడు, చూశాడు, మళ్ళీ గడిలో వేశాడు. అన్నయ్య తప్పు గడిలో చెయ్యి పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

“సంఘం అధ్యక్షుడు ఒప్పుకోలేదే” అన్నాడు చివరికి. “పదకొండుగురు పెద్దమనుషుల మధ్య ఆడదాన్ని కూర్చోబెడితే ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ పుస్తకం వెనక్కి పంపిస్తారట. అంతగా ఆ సంగతి ఉండాలంటే నీ పేరు మీద ఉండనీ అన్నాడు. నేనేమైనా అడిగానా?”

“పెద్దాయన పోయేముందు పంతులుని పిలిచి చెప్పాడు కదా, ఆ అమ్మ పేజీ లేకుండా పుస్తకం వెయ్యొద్దని.”

“పెద్దాయన ఇప్పుడు ఫొటోలో ఉన్నాడు. ఫొటోలు మీటింగులకి రావు.”

పెద్దాయనంటే చదువుల గది పెట్టిన మనిషి. పుస్తకంలో మొదటి పేజీ ఆయనది. మనవాళ్ళలో ఎవరింట్లో తగువొచ్చినా ఆయన కుర్చీ లాక్కుని కూర్చుంటే సగం తీరిపోయేది. అలాంటి మనిషిని ఇంత తేలిగ్గా గోడకి తగిలించేశాడు మా అన్నయ్య.

“పోనీ, పంతులు రాసిన కాగితం ఏది?”

“అధ్యక్షుడు పట్టుకుపోయాడు.”

“తిరిగిస్తాడా?”

“పొయ్యిలో వేసింది తిరిగొస్తుందా?”

అంటే ఈ లోకంలో వదిన పేజీ ఉన్నది నా బల్ల మీదే. అదీ మూడు వరసలు తక్కువగా. ఆ మూడు వరసలూ విప్పింది నేను. అన్నయ్య మాట నమ్మి నేనే విప్పాను.

“మిగతాది విప్పను” అన్నాను.

“విప్పక ఏం చేస్తావ్?”

“వదినకి చూపిస్తాను.”

అప్పుడు ఆగింది చెయ్యి. వరస పేర్చుకునే స్టిక్కును గళ్ళ అంచు మీద మెల్లగా పెట్టాడు. చంటిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు.

“అందులో ఒక వాక్యం ఉంది. నాలుగో రోజు లోపలి నుంచి ఎవరో కిటికీ మూశారని.”

“ఉంది. అయితే?”

“అది అచ్చయితే ఎవడో ఒకడు అడుగుతాడు, మూసిందెవరని. ఆ రోజు లోపలున్నవాళ్ళలో ఇంకా బతికున్నది ముగ్గురం.”

నాకు వెంటనే ఎక్కలేదు. నాకు పన్నెండేళ్ళప్పటి సంగతి అది. ఆ నెలంతా అన్నయ్య పొద్దుపోయాక ఇంటికొచ్చేవాడు. రెండో షిఫ్టన్నాడు. వదిన అతని కంచం మూతపెట్టి ఉంచేది. పాపం, ఇక్కడ ఉండి ఉంటే నా పక్కన నిలబడేవారు అని మొదటి రోజుల్లో నాతో అనేది.

“నువ్వు షిఫ్టులో ఉన్నావు కదా” అన్నాను.

“లోపలున్నాను. రోజూ.” గొంతు తగ్గించాడు. “నా పెళ్ళాం మెట్ల మీద కూర్చుని గావుకేకలు పెట్టి చదువుతుంటే లోపలివాళ్ళు పేపరు అడ్డం పెట్టుకుని నన్ను చూసి నవ్వేవాళ్ళు. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు లేచి నేనే మూశాను. మూస్తే నవ్వు ఆగుతుందనుకున్నాను.”

“ఆగిందా?”

“అది ఇంకా గట్టిగా చదివింది.”

వేరే ఎవరైనా అయితే నవ్వేవాళ్ళం ఇద్దరం. నేను నా బల్ల వైపు నడిచాను. వెనకే అడుగుల చప్పుడు. నేను పళ్ళెం మీద చెయ్యి వేసేలోపు అతను అవతలి అంచు పట్టుకున్నాడు. లాక్కోలేదు. నా మొహంలోకి చూస్తూ, పళ్ళేన్ని వంచాడు.

సీసం నేల మీద పడితే వర్షంలా పడుతుందనుకుంటారేమో. కాదు. బరువుగా, ఒక్కసారిగా పడుతుంది. తర్వాత చాలాసేపు ఒక్కొక్కటి దొర్లుతూనే ఉంటుంది. గదిలో అందరూ తలలెత్తారు. మా పనిలో కట్టిన పేజీని నేల పాలు చెయ్యడం కంటే పెద్ద తప్పు లేదు. ఒకసారి ఒకతను అరవరస జారవిడిస్తే, రెండు రోజులు అతనితో మాట్లాడని మనిషి మా అన్నయ్య. ఆ మనిషి ఇప్పుడు ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

నేను నేల మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. ఎందుకు ఏరుతున్నానో తెలియదు. కలిసిపోయిన అక్షరాలు మాటలవుతాయా?

సరిగ్గా అప్పుడే భోజనాల గంట కొట్టారు. గంట వెనకాలే వదిన గొంతు.

మీకు ఆ గొంతు గురించి చెప్పాలి. మగ్గాల చప్పుడు మధ్య మాట్లాడి మాట్లాడి మగ్గాలవాళ్ళ గొంతులు పెరుగుతాయి. అందులో మా వదినది ఇంకో మెట్టు పైన. గుసగుసలాడితే పక్కింటివాళ్ళు జవాబు చెప్పేవాళ్ళు.

“ఏమే అద్దం పిల్లా, నేలకి పేలు చూస్తున్నావా?”

ఎప్పుడూ గుమ్మంలోనే క్యారియరు ఇచ్చేసి పోయేది. ఆ రోజు లోపలికొచ్చింది. ఉతికిన బట్టలు, నున్నగా దువ్విన తల.

“చెయ్యి జారింది వదినా” అన్నాను.

“ఎవరి చెయ్యి?”

నేను అన్నయ్య వైపు చూడలేదు. “నాదే.”

చూశారా, అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చేసిందో. అన్నయ్య ఆమెకు చేసింది పెద్ద ద్రోహమైతే, దాని పక్కన నాది కూడా ఒకటి చిన్నదిగా కూర్చుంది. ఇప్పటికీ కూర్చునే ఉంది.

“పోనీలే, తర్వాత నేనూ ఏరిపెడతా” అంది. “ఇవాళ నా పేజీ మిషను ఎక్కుతుందని దడదడ మామ చెప్పాడు. చూసిపోదామని వచ్చాను. ఎక్కడే అది?”

మామ మిషను గదిలోంచి తల పెట్టి, “ఇదిగో ఇక్కడ, రామ్మా” అన్నాడు. అతనికి చదువు రాదు. మిషను దడదడ తప్ప ఏ భాషా రాదు. రాతి బల్ల మీద ఏముందో అతనికెలా తెలుస్తుంది?

వదిన రాతి బల్ల మీదికి వంగింది. చట్రంలోని సీసం వంక అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది.

“అన్నీ తిరగబడి ఉన్నాయి. నా పేజీ నాకే తెలియట్లేదు. చదువు మరి, నీ చదువు ఇదేగా.”

నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి తన బొటనవేలు చూసుకుంటున్నాడు. నా కళ్ళ ముందు అతని పేజీ, చుక్కకో ఊపిరితో. నాకో వరం ఉంది, లేదా శాపమనుకోండి. సీసంలో ఒకసారి చదివింది మరిచిపోను. అంతకు ముందు వారం తప్పులు దిద్దేటప్పుడు వదిన పేజీ రెండుసార్లు చదివాను. అందుకని అతని వరసల మీద వేలు పెట్టి, ఆ నేల మీద పడి ఉన్న పేజీని చదివాను.

“మగ్గం దిగి, చేతులు కడుక్కుని, ఆమె రోజూ చదువుల గది మెట్ల మీదికి వచ్చేది. లోపలికి రాకూడదన్నారు. రానన్నది. మెట్లు వీధివి కదా అన్నది. పుస్తకం తెరిచి పైకి చదివేది. కూడబలుక్కుంటూ, తప్పులతో, వీధంతా వినేలా చదివేది. లోపలివారికి తమ చదువు సాగేది కాదు. నాలుగో రోజు లోపలి నుంచి ఎవరో కిటికీ మూశారు. ఆమె గొంతు పెంచింది. పదో రోజుకి ఆమె పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. పందొమ్మిదో రోజు పెద్దాయన తన కుర్చీ తనే మోసుకొచ్చి గుమ్మంలో వేసి, ‘అమ్మా, లోపలికొచ్చి చదువు. బయటి నుంచి నీ తప్పులు నాకు సరిగ్గా వినపడటం లేదు, ఎలా దిద్దను?’ అన్నారు. ఆ రోజు నుంచి ఆ తలుపుకు గడియ లేదు.”

ఆపాను. వదిన ముక్కు తుడుచుకుంది. తర్వాత, “మరీ వీధంతా వినేలా చదివానా మామా?” అంది.

“వీధా? రెండు వీధుల అవతల ఈ మిషను నడుస్తుంటే నాకు వినపడేది. మిషనే సిగ్గుపడి మెల్లగా తిరిగేది” అన్నాడు మామ.

నవ్వింది. ఆ నవ్వు నేను దొంగిలించి ఇచ్చిన నవ్వు. అయినా బాగుంది.

“మామా, ఒక ప్రూఫు తీసివ్వు. ఇంట్లో అద్దం పక్కన అంటించుకుంటాను.”

“వద్దు” అన్నాను నేను. “వద్దు” అన్నాడు అన్నయ్య. ఒక్కసారే అన్నాం.

వదిన ఇద్దరి వంకా చూసింది. “ఇన్నాళ్ళకి అన్నాచెల్లెళ్ళు ఒక్క మాట మీదికొచ్చారే! ఎందుకొద్దు?”

ఏం చెబుతాం? మామ అప్పటికే సిరా రోలరు అక్షరాల మీద దొర్లించేశాడు. తడి కాగితం పరిచాడు. గుడ్డ చుట్టిన చెక్క పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. కాగితం రెండు కొసలూ పట్టుకుని లేపి, రెండు చేతులతో వదినకిచ్చాడు. సంబరంగా ఇచ్చాడు పాపం.

వదిన చదివింది.

ఎప్పుడూ పైకి చదివే మనిషి. సబ్బు మీది కాగితమైనా, బస్సు మీది పేరైనా పైకి చదివేది. మా వదిన మౌనంగా చదవడం నేను మొదటిసారి చూశాను. కింది వరస దాకా వచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది. ‘భార్య’ అన్న మాట దగ్గర వేలు ఆగింది. తడి సిరా వేలికి అంటుకుంది.

“నువ్వు చదివింది ఇందులో లేదే” అంది నాతో.

“ఉండేది వదినా” అన్నాను. నా కళ్ళు అవతలి గది నేల మీదికి పోయాయి. ఆమె కళ్ళు వాటి వెనకే వెళ్ళాయి. ఆ సీసపు కుప్పను చూసింది, నా చేతులు చూసింది, తర్వాత అన్నయ్య చేతులు చూసింది.

“ఏవండీ” అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. ఆ గొంతు అంత చిన్నదవుతుందని నాకు తెలియదు. “తలుపు తెరిపించింది మీరని రాసుకున్నారు. బాగుంది. మరి కిటికీ ఎవరు మూశారో రాయలేదేం?”

“ఏ కిటికీ?” అన్నాడు అన్నయ్య.

“నేను కింది మెట్టు మీద కూర్చున్నాను. రెక్క లాగడానికి చెయ్యి బయటికి రావాలి కదా. వచ్చింది. బొటనవేలు నల్లగా ఉంది, సీసం పట్టుకునేవాళ్ళ వేలు. ఆ సాయంత్రం కంచం మీద మూత తీసి మీకు పెట్టాను చూడండి, అదే వేలు.”

మామ సుత్తిని చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

“పదహారేళ్ళు” అంది వదిన. “ఎందుకు అడగలేదనుకున్నారు? ఒక రోజు మీరే చెబుతారని. ఆ రోజు నవ్వుకుందామని కూడా అనుకున్నాను. కిటికీ మూశారని నాకు కోపం లేదండీ. భయపడ్డారులే అనుకున్నాను. భయపడినాయన పక్కన కాపురం చెయ్యొచ్చు. ఇవాళ మీకు భయం కూడా లేదు. నెమ్మదిగా, ఒక్కో అక్షరం ఏరి, నన్ను తీసేశారు.”

అన్నయ్య నోరు తెరిచాడు. “ఇల్లు ఒకటే కదా...” అన్నాడు. నాతో అన్నప్పుడు అది వాదన. ఇప్పుడు అది బతిమాలుకోవడం.

వదిన ఆ కాగితం నాలుగు మడతలు పెట్టింది. క్యారియరు మూత తీసి, కాగితాన్ని పై గిన్నెలో పెట్టి మూత వేసింది. “తినండి” అని క్యారియరు అతని చేతికిచ్చింది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. మిషను గదికీ కాగితాల గదికీ మధ్య ఉన్న గడప దగ్గరికి వెళ్ళింది. అచ్చుకి కావలసిన ప్రతి కాగితమూ ఆ గడప దాటే రావాలి, ఇంకో దారి లేదు. దాని మీద కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మెట్ల మీద కూర్చున్నప్పటిలాగే, సరిగ్గా అలాగే.

భోజనాలు అయిపోయిన గంట కొట్టారు. మామ మిషను పిడి పట్టుకుని, తిప్పాలా వద్దా అన్నట్టు మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి గడప వంక చూశాడు.

“అలా చూడకండి, వెళ్ళి మీ అధ్యక్షుడికి కబురు చెప్పండి” అంది వదిన. గొంతు తిరిగి వచ్చేసింది, మగ్గాల గొంతు, రెండు వీధుల అవతలికి వినపడే గొంతు. “ఇవాళ మొదటి రోజు.”

ఇవాళ్టికి ఇక్కడ ఆగుతాను, నాక్కూడా గొంతు తడుపుకోవాలి. మీరు మాత్రం ఒక పని చెయ్యండి. ఆ మధ్యాహ్నానికి వదిన పేజీ ఏ సీసంలోనూ లేదు, ఏ కాగితం మీదా లేదు, నా నోట్లో తప్ప. ఇప్పుడు మీ చెవుల్లో కూడా ఉంది. మెట్లు వీధివి కదా అన్న మాట, కుర్చీ తనే మోసుకొచ్చిన పెద్దాయన మాట, రెండూ గుర్తు పెట్టుకుని ఇంటికెళ్ళి ఒక్కరికైనా చెప్పండి. కిటికీ సంగతి మాత్రం వదిలెయ్యకండి. అది వదిలేసి చెబితే, మీరూ పళ్ళెం వంచినట్టే.